ఫొటోకు మెరుగు... ఏ సాఫ్ట్‌వేర్‌తో?

లంబసింగిలో తెల్లవారుజాము. పొగమంచు, చెట్ల మధ్య నుంచి తొంగిచూసే సూర్యుడు. క్లిక్‌మనిపించి ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే... ఆకాశం తెల్లబోయి, చెట్లు నల్లటి ముద్దయి కనిపిస్తాయి. కెమెరా సరదా ఉన్నవాళ్లందరికీ అనుభవమే ఇది. ఇక దిద్దుకోవాల్సిందే. దేంతో?

‘ఫొటోషాప్ వేయించుకోండి’... ఎవరినడిగినా వచ్చే జవాబిది. అమెరికాలో థామస్ నోల్ 1987లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌కి తమ్ముడు జాన్ తోడయ్యాడు. అడోబ్ సంస్థ దాన్ని 1990లో మార్కెట్లోకి తెచ్చింది. ఒక ఫొటోలోని మనిషిని మరో ఫొటోలో అతికించాలన్నా, పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేయాలన్నా దానికి తిరుగులేదు. కానీ విహారయాత్రకెళ్లి నాలుగొందల ఫొటోలు తెచ్చుకున్నవాళ్ల అవసరం వేరు. మంచివి ఏరుకోవాలి. వెలుగునీడలు సరిచేయాలి. ఒకదానికి చేసిన మార్పు మిగతావాటికీ ఒకేసారి వర్తించాలి. అడోబే 2007లో లైట్‌రూమ్ తెచ్చింది ఇందుకే. ఇప్పుడు ఈ రెంటికీ చందా కడుతూ ఉండాలి. అది బరువనుకుంటే డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితం. ఫొటోషాప్ తరహా పనులకు గింప్ ఉంది. 1995లో బర్కిలీ విద్యార్థులిద్దరు మొదలుపెట్టిందది. అదీ ఉచితమే. అలాగని తేలికనుకోవద్దు, డార్క్‌టేబుల్ చేతికి అలవాటు కావడానికి ఓపిక కావాలి. కంప్యూటర్‌తో పాటు ‘ఫ్రీ’గా వేసిచ్చే దొంగ కాపీల జోలికి మాత్రం పోకపోవడమే మేలు. వాటితోపాటు వైరస్‌లూ ఫ్రీనే!

ఇంతకీ మీరు తీసేది జేపెగ్గా, రానా? జేపెగ్ వండేసిన కూర. ఉప్పు ఎక్కువైతే తీయలేం. అందులో ఒక్కో రంగుకు 256 మెట్లే. రా ఫైలు తరగని కూరగాయ. 14 బిట్ల కెమెరా అయితే మెట్లు 16,384. తెల్లబోయిన ఆకాశంలో మబ్బుల్ని కొంతైనా వెనక్కి తేగలిగేది ఇందుకే. జేపెగ్‌లే తీస్తుంటే పెద్ద సాఫ్ట్‌వేర్ దండగ. ఫోన్‌లో స్నాప్‌సీడ్ చాలు. రా తీస్తుంటే, మీ కెమెరా మోడల్‌ని ఆ సాఫ్ట్‌వేర్ గుర్తిస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

అసలు తిరకాసు ఇంకోటుంది. 2004లో గూగుల్ చేతికొచ్చిన పికాసా గుర్తుందా? ఎన్నో ఇళ్లలో పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉండేవి. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. చేసిన మార్పుల్ని పికాసా ఫోల్డర్లోని ఓ చిన్న ఫైల్లో రాసుకునేది. సేవ్ నొక్కకుండా ఫొటోల్ని మాత్రమే వేరేచోటికి కాపీ చేసుకుంటే, దిద్దిన పనంతా పోయి పాత ఫొటోనే మిగిలేది. యాపిల్ వారి అపర్చర్ కథా అంతే. 2005లో వచ్చింది, పదేళ్లకే అమ్మకాలు ఆగిపోయాయి. లైట్‌రూమ్ కాస్త నయం. చందా ఆగితే దిద్దే విభాగం మూతపడుతుందిగానీ ఫొటోల్ని చూసుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు.

కాబట్టి ఏది ఎంచుకున్నా, పని పూర్తయిన ఫొటోని పూర్తి సైజులో జేపెగ్‌గానో టిఫ్‌గానో ఎక్స్‌పోర్ట్ చేసి విడిగా దాచాలి. ఒరిజినల్‌ను ముట్టుకోకూడదు.

డబ్బు కట్టేముందు ట్రయల్ కాపీ వేసుకుని, మీ దగ్గరున్న అతి మొండి ఫొటోని దిద్ది చూడండి. ఫొటోలతో ఉగాది గ్రీటింగులు చేసే అలవాటుంటే అందులో ‘స్త్రీ’ అని టైప్ చేయండి. ఒత్తులు విడిపోయి పక్కన నిలబడితే, సెట్టింగుల్లో భారతీయ భాషలకు ఏర్పాటుందేమో వెతకండి. లేకపోతే మరో సాఫ్ట్‌వేర్ చూసుకోవాల్సిందే.