ధార సన్నబడితే ఊరుకోవద్దు

రాత్రి 4, 5 సార్లు ఒంటేలుకు లేవాలి. వెళ్లినా వెంటనే రాదు. ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. "ముసలితనం కదా" అని చాలామంది పెద్దవాళ్లు ఊరుకుంటారు. ఇంట్లో చెప్పుకోడానికి సిగ్గు. లోపల మూత్రం నిలిచిపోతే మూత్రపిండాలు కూడా చెడిపోతాయి.

మగవాళ్లకు మూత్రసంచి కింద ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచి పోతుంది. 50 ఏళ్లు దాటాక చాలామందిలో ఈ గ్రంథి పెరుగుతుంది. నాళాన్ని నొక్కుతుంది. అయితే గ్రంథి పెద్దదైనంత మాత్రాన అడ్డు పడినట్టు కాదు. బాగా పెరిగినా కొందరికి ధార బాగానే వస్తుంది. కొంచెం పెరిగినా కొందరికి బిగుసుకుపోతుంది. అందుకే పరీక్షలు చేయించుకోవాలి.

డాక్టరు ముందు బాధలన్నీ అడుగుతారు. చేతికి తొడుగు వేసుకుని, మలద్వారంలో వేలు పెట్టి గ్రంథిని తాకి చూస్తారు. నిమిషం పని. వద్దనకూడదు. గడ్డలా గట్టిగా తగిలితే క్యాన్సరేమో అని మరికొన్ని పరీక్షలు చేస్తారు.

తర్వాత నీళ్లు బాగా తాగించి, ఒక మిషనులో ఒంటేలు పోయమంటారు. సెకనుకు 10 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తే అడ్డు ఉందని అనుమానం. పోసిన వెంటనే స్కానింగు తీసి, సంచిలో ఎంత మిగిలిందో చూస్తారు.

ఇక్కడో చిక్కు ఉంది. పైపు పూడినా, మోటారు బలం తగ్గినా నీళ్లు సన్నగానే వస్తాయి కదా! అలాగే మూత్రసంచికి బలం తగ్గినా ధార సన్నబడుతుంది. షుగరున్న కొందరిలో ఇలా అవుతుంది. ఏదీ తేలకపోతే సన్నని గొట్టం పెట్టి సంచి లోపలి ఒత్తిడి కొలుస్తారు. ఒత్తిడి ఎక్కువై, ధార తక్కువైతే అడ్డు ఉన్నట్టే.

ఒంటేలు అసలే రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుడితే తెల్లారేదాకా ఆగకూడదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. గొట్టం వేసి తీసేస్తారు. కొన్ని రకాల జలుబు మాత్రలు వేసుకున్నా ఇలా బిగుసుకుపోవచ్చు.