రెండు కాళ్ళ మీద నిలిచే తట్టువ

పిల్లలూ! పెళ్ళి ఊరేగింపులో అలంకరించిన తట్టువ, అంటే పొట్టి గుర్రం, ముందరి కాళ్ళు పైకెత్తి నిలబడటం మీలో కొందరైనా చూసే ఉంటారు. ఎంతసేపు నిలబడింది? మహా అయితే కొద్ది క్షణాలు. ఆ కాసేపూ దాని వెనక కాళ్ళు అటూ ఇటూ సర్దుకుంటూనే ఉంటాయి. మనం చేయబోయే తట్టువ మాత్రం బల్ల అంచున, ఒళ్ళంతా గాలిలో ఉంచి, మీరు బడికి వెళ్ళి వచ్చేదాకా అలాగే నిలబడుతుంది!

ఒంటికి జొన్న బెండు కావాలి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక మా కోదాడ, అనంతగిరి వైపు వరి పెరిగి జొన్న తగ్గింది కాని, వెతికితే ఎక్కడో ఒకచోట దంటు దొరక్కపోదు. పైచెక్కు జాగ్రత్తగా ఒలవండి, అది బ్లేడులా కోస్తుంది. బెత్తెడు బెండు ముక్క ఒళ్ళు, చిన్న ముక్కలు మెడా, తలా. వాటిని చీపురు పుల్లలతో గుచ్చి కలపండి. మందు గీకేసిన అగ్గిపుల్లలు నాలుగు కాళ్ళు. వెనకవి కిందికి, ముందువి గాలిలోకి ఉండేలా గుచ్చండి. తోకకు కొబ్బరి పీచు చాలు.

ఇప్పుడు దీన్ని వెనక కాళ్ళ మీద నిలబెట్టి చూడండి. బోర్లా పడింది కదూ!

జానెడున్నర దండెం తీగ తీసుకోండి. మెత్తటి తీగ పనికిరాదు, బరువుకు వంగిపోతుంది. తోక వైపు నుంచి ఒంట్లోకి నిలువునా దూర్చి ఛాతీ దగ్గర బయటికి తీయండి. తీగ లోపల తిరగకుండా తోక వైపు కొసను మడిచి బెండులో గుచ్చండి. బయటికి వచ్చిన భాగాన్ని కొడవలిలా కిందికీ, వెనక్కీ వంచి, చివర ఒక చిన్న ఆలుగడ్డ గుచ్చండి. వెనక గిట్టలు బల్ల అంచున, తల బయటికి ఉండేలా నిలబెట్టండి. ఆలుగడ్డ బల్ల కిందికి, సుమారుగా గిట్టల కిందికి రావాలి. తీగ బల్ల అంచుకు తగలకూడదు. నున్నటి బల్లయితే గిట్టలు జారతాయి, గరుకు చెక్క మంచిది.

మా తరగతిలో ఈ బొమ్మ చేయించినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, ఉన్న బరువుకే పడిపోయింది. ఇంకా బరువు కడితే ఎలా నిలబడింది?" అని అడిగింది. ఆ రోజు పాఠమంతా ఆ ప్రశ్నే అయింది.

ఒక వస్తువు బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కించదగిన బిందువును గరిమనాభి అంటారు. ఆలుగడ్డ లేనప్పుడు తట్టువ గరిమనాభి దాని ఒంట్లో, గిట్టలకంటే పైన, ముందుకు ఉంది. అందుకే పడింది. బెండు తేలిక, ఆలుగడ్డ బరువు కనుక, ఆలుగడ్డ గుచ్చగానే గరిమనాభి గిట్టలకంటే కిందికి దిగింది. ఇప్పుడు తట్టువ తలను వేలితో కిందికి నొక్కండి. ఆలుగడ్డ బల్ల కింద పైకి లేస్తుంది. వదలగానే అది కిందికి దిగుతూ తట్టువను మళ్ళీ లేపుతుంది. ఊయల చేసే పని ఇదే.

కోదాడ నుంచి విజయవాడ వెళ్ళే దారికి దగ్గర్లోని కొండపల్లి బొమ్మలవాళ్ళు తేలికైన తెల్ల పొణికి కర్రతో చేసిన భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. మీ తట్టువ మెడ వదులైతే ఆ ముద్ద వాడి చూడండి.

మరి, కింద ఆలుగడ్డ వేలాడదీయడానికి వీలులేని కంచు విగ్రహం సంగతి? స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో నాలుగో ఫిలిప్ రాజు గుర్రం ముందు కాళ్ళెత్తి నిలబడి ఉంటుంది. పియెత్రో తక్కా అనే శిల్పి చేసిన ఆ విగ్రహం 1640లో పూర్తయింది. వెనక భాగం గట్టిగా, ముందు భాగం బోలుగా పోతపోశారనీ, ఈ ఉపాయం గెలీలియోదనీ చెబుతారు. గుర్రం తోక కూడా పీఠానికి ఆనుకొని కొంత బరువు మోస్తుంది.

ఆలుగడ్డను ఇంకాస్త బల్ల లోపలికి జరిగేలా తీగ వంచితే మీ తట్టువ తల ఎత్తుతుందా, దించుతుందా? ముందు మీ ఊహ కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే తీగ వంచండి.