బిడ్డ తూకం జూస్తున్నం సరే.. తల్లి మనసు సంగతేంది?

శనివారం పెబ్బేరు సంతకు వోతే ఒకటి గమనించున్రి. ఈనిన బర్రెను బేరం జేసేటోడు ముందుగాల ఏమడుగుతడు? మేత మంచిగ మేస్తదా, దుడ్డెను దగ్గరికి రానిస్తదా అని. గొడ్డు తీరు గూడ కనిపెట్టే ఊర్లు మనయి. మరి కాన్పైన ఆడబిడ్డను జూడవోయినోళ్లు ఏమడుగుతరు? "పిల్లనా, పిల్లగాడా? నార్మలా, ఆపరేషనా? పాలు పడ్డయా?" గంతే. "నీ మనసెట్లున్నది బిడ్డా, నిద్ర వడుతున్నదా?" అని అడిగేటోళ్లు శాన తక్కువ.

అడగాల్సిన అవసరం ఏందంటరా? కాన్పైన రెండు మూడు రోజులకు ఊకె ఏడుపొచ్చుడు, చిరాకు లేసుడు శానామంది తల్లులకు అయితది. ఒంట్ల హార్మోన్లు ఒక్కపారి పడిపోతయ్, నిద్ర ఉండది. రెండు వారాలల్ల అదే తగ్గుతది. రెండు వారాలు దాటినా తగ్గకుంటే, దేని మీద మనసు రాకుంటే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకుంటే, "నేను బతికి ఏం లాభం" అనిపిస్తే అది డిప్రెషన్. కడుపుతోని ఉన్నప్పుడు గూడ రావచ్చు. ఇగ మూడోది తక్కువ మందికొస్తది, వెయ్యి మందిల ఒక్కరిద్దరికి. రాత్రంత నిద్ర ఉండది, లేని మాటలు ఇనవడ్తయ్, ఇంట్లోళ్ల మీదనే అనుమానం వస్తది. దీన్నే మనోళ్లు "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తరు. తల్లికీ బిడ్డకూ పాణం మీదికొచ్చే జబ్బు అది. ఆ రోజే దవాఖానకు తోల్కపోవాలె.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క జూస్తే, మనసొంటి దేశాలల్ల కాన్పైన ప్రతి ఐదుగురు తల్లులల్ల ఒకామెకు మానసిక జబ్బు, అందుల ఎక్కువ డిప్రెషనే. మన పాలమూరు దిక్కు దానికి తోడు కష్టాలు శానా ఉన్నయ్. మొగడు పనికోసం పట్నమో పుణెనో వోయుంటడు. రెండో కాన్పుల గూడ ఆడపిల్లే పుడితే అత్తగారింట్ల మొఖాలు మారుతయ్. తల్లిగారింట్ల నాలుగు నెలలుండి వచ్చినంక, చంటిపిల్లతోని ఒక్కతే అయితది.

సర్కారు ఏం జేయలేదని కాదు. 2015ల ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల ఒక పూట అన్నం, గుడ్డు, పాలు వెట్టుడు సురువైంది. 2017ల కేసీఆర్ కిట్ వచ్చింది. పిల్లగాడు పుడితే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు. అంటే ఆడపిల్ల పుట్టిన ఇంట్ల బాధ ఉంటదని సర్కారుకు గూడ ఎరుకే. వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చింది గని, ఆ తల్లి కండ్లనీళ్లు తుడిచేందుకు మనిషిని వెట్టలేదు.

మనిషి ఉన్నది. ఆశమ్మ! దవాఖానల కాన్పైతే నెలన్నరల ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలె. బిడ్డ తూకం, జ్వరం, బొడ్డు అన్నీ జూస్తది. అదే చాప మీద కూసోని తల్లి మనసు సంగతి గూడ అడిగితే? పాకిస్తాన్‌ల రావల్పిండి దగ్గర పల్లెలల్ల ఇదే చేసిన్రు. డాక్టర్లు కాదు, మన ఆశల తీరు ఊరి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న తల్లులతోని మాట్లాడిచ్చిన్రు. బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి, ఆ తల్లులల్ల నూటికి 23 మందికే డిప్రెషన్ మిగిలింది. అట్ల మాట్లాడియ్యని దిక్కు 53 మందికి ఉండె. ఈ ఫలితాలు 2008ల లాన్సెట్ పత్రికల అచ్చైనయ్.

మనకు కావాల్సినయి పెద్ద కోరికలేం కావు. తల్లి కార్డు మీద మనసు గురించి నాలుగు ప్రశ్నలు. ఆశలకు శిక్షణ, ఆ పనికి వేరే పైసలు, ఎందుకంటే వాళ్ల నెత్తిన ఇప్పటికే మోయలేనంత ఉన్నది. టీకాల రోజు, అంటే నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు, మళ్లొకపారి అడుగుడు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల 2022లనే మెడికల్ కాలేజీలు వచ్చినయ్. ఆడికెల్లి మానసిక డాక్టరు వారానికొక్క రోజు మండల దవాఖానకు వస్తే సాలు.

బిడ్డను గుంజుకుంటరేమో అని భయపడేటోళ్లకు ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, దవాఖానల చేరిన తల్లికాడికెల్లి మూడేండ్ల లోపు బిడ్డను మామూలుగా ఇడదీయొద్దు. బెంగళూరు నిమ్హాన్స్‌ల తల్లీబిడ్డలను కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు గూడ ఉన్నది.

తమ్మీ, సెల్లె.. ఫోన్ మీ చేతులనే ఉన్నది. 14416 నంబరు రాసి వెట్టుకోన్రి. టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు. ఇంట్ల బాలెంత ఉంటే రాత్రి రెండు గంటలు బిడ్డను మీరు ఎత్తుకోన్రి, ఆమె కన్ను మూస్తది. "నీకేం తక్కువైంది" అనకున్రి. "ఎట్లున్నవ్ అక్కా" అని అడిగి, ఆమె చెప్పేదంతా ఇనున్రి.