ఇంటి పెద్ద పోయాక: ఏ కాగితం ఏం చెబుతుంది?

ఇంట్లో ఒకరు పోయి కర్మలు ముగిసీ ముగియకముందే కాగితాలు కదలడం మొదలవుతుంది. "ఇక్కడొక సంతకం పెట్టమ్మా, పట్టా మార్చాల" అంటారు. ఆ సంతకం పెట్టాల్సింది ఎక్కువగా అమ్మ, అవ్వ, పెళ్ళయి వెళ్ళిన అక్క. కాగితమేమో తమిళంలో ఉంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దవాళ్ళలో చాలామందికి అది చదవడం రాదు. మనకు వచ్చు. అందుకే ఈ కాగితాల సంగతి మనకు తెలిసి ఉండాలి.

మొదటి రెండు కాగితాలు

మొదటిది మరణ ధ్రువపత్రం. చావును 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పల్లెల్లో అయితే వీఏఓ దగ్గరే చేయిస్తారు. రెండోది వారిసు సర్టిఫికెట్. ఈ-సేవై కేంద్రంలో దరఖాస్తు చేస్తే వీఏఓ, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారించాక తహసీల్దారు ఇస్తారు. పోయినవారికి వారసులు ఎవరెవరో అది చెబుతుంది, అంతే. ఎవరి భాగం ఎంతో చెప్పదు. అందులో పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. కానీ ఆఫీసుల్లో మనం లేనట్టే లెక్క అవుతుంది. కాబట్టి దరఖాస్తులో పెళ్ళయిన ఆడబిడ్డల పేర్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

వీలునామా ఉంటే

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అయినా రిజిస్టర్ చేయిస్తే తర్వాత తగాదాలు తగ్గుతాయి.

ఇక ప్రొబేట్ అనే మాట. వీలునామా నిజమైనదేనని కోర్టు పరిశీలించి ముద్ర వేసి ఇచ్చేదే ప్రొబేట్. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం హిందువుల విషయంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో రాసిన వీలునామాలకు, అక్కడున్న స్థిరాస్తులకు ఇది తప్పనిసరిగా ఉండేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ నిబంధనను తీసేసింది. హరూరులో రాసి, హరూరు భూమికే సంబంధించిన వీలునామాకైతే అప్పుడూ అక్కరలేదు, ఇప్పుడూ అక్కరలేదు. "ప్రొబేట్ లేదు కాబట్టి ఈ వీలునామా చెల్లదు" అని ఎవరైనా అంటే భయపడొద్దు. తగాదా వచ్చినప్పుడు మాత్రం సాక్షుల్లో ఒకరైనా సివిల్ కోర్టులో చెప్పాల్సి వస్తుంది.

వీలునామా లేకపోతే

ఇక్కడ హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తిస్తుంది. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే నియమాలు ఉన్నాయి. ఒక లెక్క చూద్దాం. నాయన పేర 3 ఎకరాలు, అంటే 300 సెంట్లు ఉంది. ఆయన పోయాక అమ్మ, అవ్వ (నాయన తల్లి), ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు మిగిలారు.

భూమి నాయన సొంత సంపాదన అయితే ఐదుగురికీ సమానం. ఒక్కొక్కరికి 60 సెంట్లు.

అదే పిత్రార్జితం అయితే ముందు నాయన, కొడుకు, ఇద్దరు కూతుళ్ళు అని నాలుగు భాగాలు వేస్తారు. ఒక్కోటి 75 సెంట్లు. నాయన భాగం 75 మళ్ళీ ఐదుగురికి పంచితే తలా 15. అంటే కొడుక్కి 90, ఒక్కో కూతురికి 90, అమ్మకు 15, అవ్వకు 15. దక్షిణాది పద్ధతిలో తక్కువ వచ్చేది అమ్మకే. ఈ సంగతి తెలిసిన పిల్లలు అమ్మను ఎలా చూసుకోవాలో వేరే చెప్పనక్కరలేదు.

కూతురికి ఈ సమాన భాగం ఊరికే రాలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో, తమిళనాడు 1989లో చట్టం మార్చాయి. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేశాయి. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పారిఖత్తులను మాత్రం తిరగదోడరు.

నామినీ యజమాని కాదు

బ్యాంకులో నామినీగా ఉన్నవారి చేతికి డబ్బు ఇస్తారు. కానీ అది వారసులందరిదీ. నామినీ తీసుకుని పంచాల్సిన మనిషి మాత్రమే. బీమాలో 2015 తర్వాత కొంత మార్పు వచ్చింది: భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే ఆ సొమ్ము వాళ్ళదే. నామినీ లేని ఖాతాలో పెద్ద మొత్తం ఉంటే సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మని అడగవచ్చు.

ఆ ఒక్క సంతకం

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మన్నారంటే ఆగి చూడండి. కాగితం పైన "విడుతలై పత్రం" అని ఉంటే అది మీ భాగం వదిలేసే హక్కు విడుదల పత్రం. అది పట్టా మార్పు కోసం ఇచ్చే సమ్మతి కాదు. ఒకసారి రిజిస్టరయితే వెనక్కి తీసుకోవడానికి కోర్టుకెక్కి మోసం జరిగిందని రుజువు చేయాలి. అన్నకు ఇష్టపడి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు. ఇష్టపడే ఇస్తే అందులో తప్పేమీ లేదు. అడగడం మాత్రం తగాదా కాదు. "ఒక కాపీ ఇవ్వన్నా, చదివి రేపు పెడతా" అంటే చాలు.

మన సంగతి

రేపు మనం ఉద్యోగం చేసి కొన్న ఇల్లు ఎవరికి పోతుంది? వీలునామా లేకుండా హిందూ స్త్రీ చనిపోతే మొదట భర్తకు, పిల్లలకు. వాళ్ళు లేకపోతే భర్త వారసులకు. వాళ్ళూ లేకపోతేనే కన్న తల్లిదండ్రులకు. పిల్లల్లేని స్త్రీకి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. అందుకే స్త్రీలు వీలునామా రాసుకోవాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టే కోరింది. 18 ఏళ్ళు నిండితే ఎవరైనా రాయవచ్చు. ఈ గోడ ముందు నిలబడి చదువుతున్న వాళ్ళలో చాలామందికి ఆ వయసు వచ్చేసింది.