బసలో పోయిన సొత్తుకు బాధ్యులెవరు?

పెండ్లి ముహూర్తము కుదిరిన పిమ్మట నెల్లూరు, చిత్తూరు మొదలగు సీమలనుండి బంగారమునకును పట్టుచీరలకును చెన్నపట్టణమునకు వచ్చు తెలుగు కుటుంబములు, త్యాగరాయనగరమున ఉస్మాను రోడ్డు అంగళ్లలో పగలెల్ల బేరములాడి, చీకటి పడునప్పటికి కొన్న నగలతో ఆ చుట్టుపట్లనే యేదో యొక లాడ్జికి చేరుకొనుట నేటికిని కొనసాగుచున్న వాడుక. అట్టి గదులలో అనేకములందు, విలువైన వస్తువులకు యాజమాన్యము బాధ్యత వహింపదను పలక గోడపై కనబడును. దానిని చదివినవారు సొత్తు పోయినచో తమ కిక దిక్కు లేదని ముందే మనసు దిటవు చేసికొందురు. అది పొరపాటు, హోటలువారు తమంతట వ్రాసికొన్న వాక్యము చట్టమును తుడిచివేయజాలదు.

ఇంగ్లండులో ఈ విషయమున కడు కఠినమైన నియమముండెను. దారిదోపిళ్లు మెండుగానున్న కాలమున, ఊరుగాని యూరిలో రాత్రి తలదాచుకొను బాటసారి సత్రపు యజమాని దయకు లోబడినవాడు. ఆ యజమాని దొంగలతో చేయి కలిపినను నిరూపించు సాధనము వానికి లేదు. అందుచేత 1584 నాటి కేలీ వ్యాజ్యమున, గది తాళముచెవి బాటసారి చేతనే యున్నను పోయిన సొత్తుకు సత్రపు యజమానియే యుత్తరవాది యని తేల్చిరి; బాటసారి వెంట వచ్చిన సేవకుడే దొంగయైనచో మాత్రము యజమాని విముక్తుడు. 1863లో పార్లమెంటు ఆ భారమును తగ్గించి ముప్పది పౌనులకు పరిమితము చేసినది గాని, యజమాని యొక్కయో వాని పనివారి యొక్కయో దోషము వలన నష్టము కలిగినప్పుడును, భద్రపరచుటకై ప్రత్యేకముగ నప్పగించినప్పుడును ఆ పరిమితి వర్తింపదనెను.

మనదేశమున ఇట్టి తగవులకు ఆధారము 1872 నాటి కాంట్రాక్టు చట్టము. పరుల సొత్తును తన వశమున నుంచుకొన్నవాడు, సామాన్య వివేకము గల మనుజుడు అంతటి విలువగల తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగ కాపాడుకొనునో అంత జాగ్రత్త చూపవలెనని 151వ సెక్షను విధించుచున్నది. అంతటి జాగ్రత్త చూపియు, వేరు ఒప్పందమేదియు లేనిచో, వాడు నష్టమునకు బాధ్యుడు కాడని 152వది చెప్పుచున్నది. హోటలు యజమానుల బాధ్యతను ఈ సెక్షనులను బట్టియే నిర్ణయింపవలెనని అలహాబాదు హైకోర్టు 1922లోనే పలికినది.

అయితే వస్తువు ఎవరి వశమున నున్నదను ప్రశ్న యన్నిటికంటె ముందు వచ్చును. దీనికి మన మద్రాసు హైకోర్టు తీర్పే, 1938 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైనది, చక్కని యుదాహరణము. ఒక గృహిణి పాతనగలను కరగించి క్రొత్తవి చేయుటకై కంసాలిని నియోగించి, ప్రతి సాయంకాలమును సగము చేసిన నగలను తిరిగి పుచ్చుకొని, వాని యింటనే యున్న పెట్టెలో పెట్టి, తాళము వేసి, చెవిని తనతో తీసికొనిపోవుచుండెను. ఒకరాత్రి నగలు పోయినవి. ఆ రాత్రి నగలు కంసాలి కప్పగింపబడినట్లు కాదు, తాళముచెవి యామె చేతనున్నది గనుక వశమును ఆమెదే యని న్యాయస్థానము నిర్ణయించెను. చూచుటకు కఠినముగ దోచిన తీర్పే గాని, బస చేయు ప్రతివారును తెలిసికొనదగినది.

దీనికి జోడుగ చదువవలసినది సుప్రీముకోర్టు 2019 నవంబరు 14న నిచ్చిన తీర్పు. 1998 ఆగష్టు 1 రాత్రి ఢిల్లీ తాజ్‌మహల్ హోటలుకు వచ్చిన ఒక అతిథి తన మారుతీ జెన్ కారు తాళముచెవిని హోటలు పనివాని చేతికిచ్చి లోనికి పోయెను. తిరిగివచ్చునప్పటికి మరియొకడు ఆ చెవిని సంగ్రహించి కారుతో పరారియై యుండెను. బండి యజమానిదే పూచీ యని చీటీపై అచ్చువేసితిమని హోటలువారు వాదించిరి. జస్టిస్ శాంతనగౌడర్, జస్టిస్ రస్తోగీ ఆ వాదమును త్రోసిపుచ్చి, కారు వశము చేసికొన్న పిమ్మట దానిని భద్రముగ తిరిగి యిచ్చు బాధ్యత హోటలుదేననియు, తమ యలసత్వమునకు ముందుగనే క్షమాపణపత్రము వ్రాసికొనుట చెల్లదనియు, జాగ్రత్తపడితిమని రుజువుచేయు భారము హోటలువారిదే యనియు నిర్ధారించిరి. ఈ తీర్పు కారును గూర్చినదే యైనను, గది మారుతాళముచెవిని విచారింపక పరుల చేతికిచ్చిన హోటలుకును ఈ న్యాయము పట్టవలెనని నా దృఢమైన అభిప్రాయము.

కావున నగలతో బస చేయువారు గదిలోని అంకెల పెట్టెను నమ్ముకొనుటకంటె, కౌంటరువద్ద భద్రపరచు సౌకర్యమున్నచో వస్తువులను ఒక్కొక్కటిగ పేర్కొని యప్పగించి రసీదు పుచ్చుకొనుట మేలు. ఆ అంకెలను పెట్టుకొన్నది అతిథియే గదా యను వాదము కంసాలి తీర్పు నీడలో హోటలువారికి అక్కరకు వచ్చును. సొత్తు పోయినచో ఆ క్షణమే యాజమాన్యమునకు వ్రాతమూలముగ దెలిపి, పోలీసు ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయించి ప్రతి తీసికొనవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము రెండేండ్లలోపల జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును. నష్టము చెన్నపట్టణమున జరిగినను, నెల్లూరు వాసి నెల్లూరిలోనే దావా వేయుటకు ఆ చట్టము వీలు కల్పించినది.