వాన నీటిలో పాదరసం

చెరువు నిండితే మనకు సంతోషం. ఆ నీటితో చెరువులోకి ఇంకేమేమి వస్తున్నవో ఎప్పుడైనా ఆలోచించారా? ఒండ్రు వస్తుంది, మనం వేసిన ఎరువులో సారం వస్తుంది. వాటితోబాటు, కంటికి కనిపించనంత కొద్దిగా పాదరసం కూడా వస్తుంది.

"వానలో పాదరసమేమిటండీ?" అని మీరు అడగవచ్చు. రాతిబొగ్గులో పాదరసం లేశమాత్రంగా వుంటుంది. బొగ్గు కాల్చినప్పుడు అది ఆవిరై గాలిలో కలుస్తుంది. నెలల తరబడి తిరిగి, ఎక్కడో దూరాన వానతో నేలకు దిగుతుంది. దిగినదంతా వెంటనే కొట్టుకుపోదు. మట్టిలో చివికిన ఆకూ అలమును అంటిపెట్టుకొని పైపొరలోనే వుండిపోతుంది. గట్లు లేని వాలు చేను మీద పెద్దవాన పడితే, ఆ పైమన్నుతో సహా వాగులోకి, వాగునుంచి చెరువులోకి చేరుతుంది.

చెరువు అడుగు బురదకు గాలి తగలదు. అక్కడి సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసమనే విషంగా మారుస్తాయి. అది నాచుకు పడుతుంది. నాచును పురుగులు, పురుగులను చిన్నచేపలు, చిన్నచేపలను కొరమీను, వాలుగ తింటాయి. మెట్టు మెట్టుకూ విషం చిక్కబడుతుంది. నీటిలో వున్నదానికి పెద్దచేప కండలో లక్షల రెట్లు వుండవచ్చు. వండినా పోదు, రుచిలో, వాసనలో తేడా తెలియదు. గర్భిణి అదేపనిగా తింటే కడుపులోని బిడ్డ మెదడుకు, నరాలకు చెరుపు.

జపానులోని మినమాటాలో ఒక కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జనానికి చేరింది. ఆ జబ్బు 1956లో బయటపడింది. మన చెరువుల్లో అంత మోతాదు వుందని కాదు. నీటినుంచి మనిషికి వచ్చే దారి మాత్రం అదే.

పాదరసం తిన్నగా పొలానికే వచ్చిన రోజులూ వున్నవి. పూర్వం విత్తనశుద్ధికి పాదరసపు మందులు వాడేవారు. 1971-72లో ఇరాకులో అలాంటి మందు పట్టించిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకుతిని వందలమంది చనిపోయారు. మన దేశంలో చెరకు ముచ్చెలకు, బంగాళాదుంప విత్తనానికి వాడిన పాదరసపు మందును ప్రభుత్వం 2018లో నిషేధించింది.

ఇక మనం చేయవలసినవి:

ఒకటి: వాలుకు అడ్డంగా దున్నండి, అడ్డంగానే గట్లు వేయండి. చేను దిగువ అంచున నాలుగైదు గజాల వెడల్పున గడ్డి పెంచండి. మన్ను ఆగితే పాదరసం ఆగుతుంది; సారమూ మీ చేలోనే వుంటుంది.

రెండు: ఇంట్లో పాత పాదరసపు మందు డబ్బా కనిపిస్తే కాలువలో పారబోయకండి, పాతిపెట్టకండి. మూత బిగించి, పిల్లలకు అందకుండా విడిగా వుంచి, వ్యవసాయాధికారికి చెప్పండి.

మూడు: పగిలిన థర్మామీటర్లు, ట్యూబులైట్లు పెంటకుప్పలో వేయవద్దు.

నాలుగు: చేపలు మానవద్దు, అవి బలమైన ఆహారం. గర్భిణులకు, పసిపిల్లలకు మాత్రం పెద్ద కొరమీనుకు బదులు చిన్నచేపలు పెట్టండి.

బొగ్గుపొగ సంగతి ప్రభుత్వాలు చూడవలసినది. అందుకోసం 2013లో మినమాటా పేరుతోనే దేశాల మధ్య ఒప్పందం కుదిరింది; 2018లో మన దేశమూ ఆమోదించింది. పైమన్ను కదలకుండా చూసుకోవడం మన పని. తొలకరికి ముందే గట్లు ఒకసారి చూసుకోండి.