రంగు కింద ఏముంది?

ఉద్యోగ విరమణ చేసిన పెద్దవాళ్లు మీ వీధిలో ఉంటారు. ఒకరు పూలమొక్కలు పెంచుతారు, ఒకరు పిల్లలకు లెక్కలు చెబుతారు. ఇంగ్లండులో కొందరు పెద్దలకు ఇంకో సరదా ఉంది. కుర్రతనంలో చూసి ముచ్చటపడిన స్పోర్ట్స్ కారును, పాతబడి మూలపడ్డాక కొంటారు. దాన్ని మరమేకులతో సహా విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఈ పనికి ఏళ్లు పట్టవచ్చు. దాచుకున్న సొమ్ములో చాలా భాగం ఖర్చు కావచ్చు. ఇంత కష్టం ఎక్కడ ఫలిస్తుంది, ఎక్కడ వృథా అవుతుంది? దీనికి జవాబు మీ సైన్సు పాఠాలలోనే ఉంది.

ఇలా బాగుచేసే కార్లలో పేరున్నది ఎం.జి.బి. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణంలో తయారైంది. మొత్తం 5 లక్షలకు పైగా చేశారు. ఎక్కువగా కనిపించేది రెండే సీట్లతో, గుడ్డ టాపుతో ఉండే రకం. దాని ఇంజను 1798 ఘన సెంటీమీటర్లది. మన రోడ్ల మీద ఎన్నో ఏళ్లు తిరిగిన అంబాసడర్ కారు 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుదీ, దీనిదీ ఒకే కుటుంబం!

అమ్మకానికి పెట్టిన పాత కారు ఎర్రరంగుతో అద్దంలా మెరుస్తోందనుకోండి. కొనవచ్చా? తొందరపడకండి. కారును మోసేది రంగు కాదు గదా! మోసేదేదో ముందు తెలుసుకుందాం.

ఒక చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. మూత తీసేసి, రెండు చివరలూ పట్టుకొని, తడిబట్ట పిండినట్లు ఎదురెదురుగా తిప్పండి. సులభంగా మెలిపడుతుంది. ఇప్పుడు మూత పెట్టి, అంచుల చుట్టూ కాగితం అంటించి, ఆరాక మళ్లీ తిప్పండి. ఈసారి గట్టిగా ఎదురునిలుస్తుంది. అట్ట అదే, బలం మాత్రం పెరిగింది. ఎం.జి.బి.కి లారీకున్నట్లు విడిగా ఛాసిస్ లేదు. ఉక్కు రేకులతో చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. గుడ్డ టాపు కారు మూతలేని పెట్టెలాంటిది. పైకప్పు లేని లోటును తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే రెండు బోలు ఉక్కు పెట్టెలు తీర్చాలి. వీటిని గడపలు అందాం. కారు బలమంతా ఈ గడపలలోనే ఉంది.

విచిత్రమేమిటంటే, తుప్పుకు ఎంతో ఇష్టమైన చోటు కూడా అదే! చక్రాలు చిమ్మిన బురద అక్కడ చేరుతుంది. నీరు కారిపోయే చిన్న రంధ్రాలు మూసుకుపోతే లోపల తడి ఆరదు. పైగా, చలికాలంలో మంచు కరగడానికి ఇంగ్లండు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. రేకు మీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను వదిలి అయానులుగా నీటిలోకి పోతాయి. ఆ ఎలక్ట్రానులు రేకు గుండా మరోచోటికి చేరి, అక్కడి ఆక్సిజనుతో, నీటితో చర్య జరుపుతాయి. అంటే ప్రతి తుప్పుమచ్చా ఒక చిన్న విద్యుద్ఘటమే! ఇలా పుట్టిన తుప్పు గుల్లగా ఉంటుంది, ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే దానిపై రంగు బుడగలా ఉబ్బుతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్లలో కిటికీ చువ్వలు త్వరగా పాడయ్యేదీ ఈ ఉప్పుతడి వల్లనే.

మోసం ఎక్కడ జరుగుతుందో చూడండి. తుప్పు తిన్న రంధ్రాన్ని లప్పంతో పూడ్చి, సానబట్టి, రంగు వేస్తే కంటికి తెలియదు. కాని అయస్కాంతానికి తెలుస్తుంది! మీ ఇంటి ఇనుప బీరువాకు అయస్కాంతాన్ని అంటించండి. మధ్యలో ఒక్కొక్క అట్టముక్కే పెడుతూ పోతే పట్టు సడలి, చివరికి జారిపోతుంది. లప్పం మందంగా ఉన్నచోట జరిగేది ఇదే. అందుకే తెలిసినవాళ్లు మెత్తని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతంతో గడపల పొడవునా పరీక్షిస్తారు. అయితే తుప్పు మీద కొత్త రేకు అతికి ఉంటే అయస్కాంతం కూడా మోసపోతుంది. కాబట్టి లోపలి తివాచీ ఎత్తి చూడాలి, కారు కిందనుంచీ చూడాలి.

ఇక మరమ్మతు. తుప్పు మీద రంగు వేస్తే తుప్పు ఆగదు, మనకు కనబడకుండా పోతుందంతే. చెడిన రేకును కోసి, కొత్త ఉక్కును వెల్డింగు చేయాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. గడపను కోసేస్తే పెట్టెలాంటి ఆ కారు నడుము వంగుతుంది. తలుపు సందు పైభాగాన ఇరుకవుతుంది. ఆ వంపులోనే కొత్త గడప అతికితే తలుపు ఇక ఎన్నటికీ సరిగా పడదు. అందుకని, కోయకముందే కారును సమంగా నిలబెట్టి, తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీ బిగిస్తారు. వెల్డింగు అయ్యాక జింకు ఉన్న పూత వేస్తారు. జింకు ఇనుముకన్నా తేలికగా ఎలక్ట్రానులను వదులుతుంది కాబట్టి, తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. గడపల లోపలికి మైనం చిమ్ముతారు. మెరిసే రంగు వంతు వచ్చేది వీటన్నిటి తరువాతే!

మరీ చెడిన కార్లకు ఇంకో దారి ఉంది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే ఎం.జి.బి. కొత్త బాడీలను చేయడం మొదలుపెట్టింది.

బాడీ గట్టిపడితే చాలదు, కారు ఆగాలి కూడా. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరినకొద్దీ దాని మరుగు స్థానం తగ్గుతుంది. దిగుడు దారిలో పదేపదే బ్రేకు నొక్కితే వేడికి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కినా కుదించుకోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడలు నేలదాకా దిగినా చక్రం ఆగదు! ఏళ్లతరబడి నిలబడి ఉన్న కారులో ఆ ద్రవాన్ని మార్చకుండా రోడ్డెక్కడం ప్రాణాలతో చెలగాటం.

అక్కడ 3 ఏళ్లు దాటిన కార్లకు ఏటేటా ప్రభుత్వ నియమాల ప్రకారం భద్రతా పరీక్ష ఉంటుంది. 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా రోడ్డుకు పనికొచ్చే స్థితిలో ఉంచే బాధ్యత యజమానిదే. పరీక్షాధికారి లేని చోట మనకు మనమే పరీక్షాధికారులం. రంగు ముందా, గడప ముందా అన్నది అప్పుడు ముచ్చటకు సంబంధించిన ప్రశ్న కాదు. తనతో కారెక్కే మనవడి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

మీ సైకిలునే ఈరోజు తలకిందులు చేసి చూడండి. పెడళ్ల ఇరుసు దగ్గర, బురదరేకుల లోపల రంగు ఎక్కడైనా ఉబ్బిందా? ఉబ్బితే సానకాగితంతో తుప్పంతా గీకి, తుడిచి, బాగా ఆరాక తుప్పు నిరోధించే రంగు వేయండి. లోతుగా తినేసి ఉంటే మాత్రం రంగు వేసి ఊరుకోకండి. మెకానిక్కుకు చూపించండి.